అమ్మోనియాసుర సంహారము, అనగా హారిస్‌డేల్ లాండ్రీలో పది రాళ్ళ కథ

సముద్రపు నీరు ఎనభై లీటర్లు తేవలెను.
ఆ నీటిలోనే, కుళాయి నీటిలో కాదు, పది రాళ్ళను కడుగవలెను.
పాత టూత్‌బ్రష్షుతో ప్రతి రంధ్రమును తోమి, చచ్చినదానిని తీసివేసి, బ్రతికినదానిని విడువవలెను.
చచ్చినదేదో బ్రతికినదేదో అంతకుముందే నేర్చుకొనవలెను.
తొట్టిలో నీరు ఇరువదియారు డిగ్రీలు దాటరాదు, తగ్గరాదు.
నీటిని త్రిప్పు చిన్న మోటారు ఆగరాదు.
వెలుతురు సోకరాదు.
మూడు దినముల కొకమారు సగము నీరు మార్చవలెను.
దినదినము అయిదు మిల్లీలీటర్ల నీటిని గాజుగొట్టములో పరీక్షింపవలెను.
సున్న వచ్చువరకు ధైర్యము విడువరాదు.
అమృతం ఆంటీకి చెప్పవలెను.

ఈ పదకొండు పనులను ఒక కాగితముపై వ్రాసి, తన గది తలుపునకు లోపలివైపున అంటించుకొని, పదింటిని ప్రాణము పెట్టి చేసి, పదునొకండవదానిని మరచిన మహావీరుని చరితమిది. పనిలో ఉన్నవారు పని ఆపి, నిద్రలో ఉన్నవారు లేచి కూర్చుండి, పొయ్యిమీద పప్పు ఉన్నవారు మాత్రము మంట తగ్గించి వచ్చి వినుడు.

దక్షిణగోళార్ధమున, హిందూమహాసముద్రము తన తూర్పు కొంగును తెల్లని ఇసుకపై ఆరవేసికొనుచోట, జకరాండా చెట్లు ఊదాపూలను కార్ల అద్దములపై రాల్చు నవంబరుమాసమున, గూటిలోని పిల్లలను కాపాడుకొను ఆవేశమున సైకిలువారి శిరస్త్రాణములను పొడిచి పొడిచి మాగ్‌పై పక్షులు విసిగి విరమించిన శుభకాలమున, పెర్త్ మహానగరమునకు ఆగ్నేయదిశాభూషణమై, ఒకే చెక్కలో ఒత్తిన కజ్జికాయలవలె వరుసదీరిన గృహములతో, శనివారపు ఉదయమున ఇంటింట పచ్చిక కోయు యంత్రముల భేరీభాంకారముతో, సాయంకాలమున ఇంటింట పోపు ధూపముతో విలసిల్లు హారిస్‌డేల్ అను పేటయందు, అమృతం ఆంటీ, లాజరస్ అంకుల్ అను దంపతుల ఇంటి వెనుకగదిలో, నరసాపురపు రేవు ప్రక్క పల్లెలో పుట్టినవాడును, తన వంశమున తొలిసారి యూనివర్సిటీ గడప త్రొక్కినవాడును, పగలు మత్స్యశాస్త్ర విద్యార్థియు, సాయంకాలము సర్వోలో పెట్రోలు అమ్ము కర్మచారియు, ఆదివారము చర్చిలో కుర్చీలు సర్దు సేవకుడును అగు జకరయ్య అను యువకుడు వసించుచుండెను. వాక్యము ముగిసినది. ఊపిరి పీల్చుకొనుడు.

ఆ జకరయ్యకు రెండు చేపలు కలవు. ఇగురునకు గాని పులుసునకు గాని పనికివచ్చునవి కావు. నారింజరంగు మేనిపై తెల్లని పట్టీలు గల క్లౌన్‌ఫిష్‌లు, ఒక్కొక్కటి బొటనవ్రేలంత. యూనివర్సిటీ ప్రయోగశాలలో తన ప్రాజెక్టుకొరకు గ్రుడ్డునుండి పెంచిన నూట నలువది పిల్లలలో ఆ రెండే దక్కినవి. ఆడుది పెద్దది, మగవానిని ఎల్లవేళల మూలకు తరుముచుండును. ఇంటర్మీడియెట్ చదువునాడు భీమవరమున తాను అద్దెకుండిన ఇంటి యజమానులను భక్తితో తలచుకొని, ఆడుదానికి చాముండేశ్వరి అనియు, మగవానికి కేశవరావు అనియు పేరిడెను. చాముండేశ్వరి ఒకసారి నాలుగు దినములు మేత ముట్టకున్నప్పుడు, ఆ నాలుగు దినములు జకరయ్యకును అన్నము సహించలేదు.

ప్రాజెక్టు ముగిసెను. సెమిస్టరు ముగియవచ్చెను. అంతట ప్రయోగశాల పర్యవేక్షకురాలు, వరంగల్లు ఆడపడుచు, పండ్రెండేండ్ల క్రిందట విద్యార్థినిగా వచ్చి ఇచ్చటనే స్థిరపడిన నియమపాలనవజ్రకఠిన, వీణ అనునామె, ఖాళీ చేయవలసిన తొట్ల పట్టికను గోడకు అంటించెను. ఇల్లు దొరకని చేపలకు ఆ పట్టికలో ఒకటే గతి: లవంగనూనె. అందులో ముంచిన చేప నొప్పి లేకుండ నిద్రించును, మరల లేవదు.

జకరయ్య ఆమె బల్ల యెదుట నిలిచి, చేతులు జోడించి, గద్గదకంఠముతో నిట్లనియె:

"ఓ ప్రయోగశాలాధీశ్వరీ! గ్రుడ్డు పగిలిన క్షణమునుండి నా అరచేతి నీడలో పెరిగిన ఈ నిరపరాధ దంపతులు ఏ పాపము చేసిరి? నా ప్రాజెక్టునకు డిస్టింక్షనా, వారికి మరణదండనయా? ఇదియా న్యాయము, ఇదియా ధర్మము, ఇదియా విద్య?"

"జకరయ్యా, డైలాగులు బంద్ జెయ్యి," అనెను వీణ, కంప్యూటరునుండి కన్ను త్రిప్పకయే. "ఇంటికి తీస్కపోతనంటె ఫారం మీద సంతకం పెడ్త, నాకేం ప్రాబ్లం లేదు. గని నీ దగ్గరి నీళ్లు సేఫ్ అని ప్రూఫ్ కావాలె. అమ్మోనియా జీరో. శాంపిల్ ఇక్కడికి తెచ్చి నా ముంగట టెస్ట్ జెయ్యాలె. ఫ్రైడే, ట్వెంటీ ఫస్ట్, సాయంత్రం అయిదు లోపట."

"అక్కా, ఒక్క వారం ఎక్స్‌టెన్షన్ ఇస్తే..."

"అసైన్‌మెంట్ కాదు తమ్మీ ఇది. ప్రాణం."

ఆ ఒక్క మాట జకరయ్య గుండెలో శూలమువలె దిగెను. ఏలయన నది నిజము.

ఇక శత్రువెవ్వడో వినుడు. చేప విసర్జించినదానినుండి, కుళ్ళినదానినుండి పుట్టి, కంటికి కనబడక, నీటిలో కలిసి, మొప్పలను కాల్చు విషస్వరూపుడు అమ్మోనియా. వానిని బకెట్లతో గెలువలేరు. వానిని తిని జీర్ణించుకొను సూక్ష్మజీవులు కోట్లకొలది కావలెను. ఆ సేనలు విడిది చేయుటకు దుర్గము కావలెను. ఆ దుర్గమే లైవ్ రాక్ అని ఆక్వేరియమువారు పిలుచు జీవశిల. పగడపు పురుగులు కట్టి విడిచిన కట్టడము. చూచుటకు రాయి, లోపల వేయి గదులు, గదిగదిలో కాపురములు.

రాకింగ్‌హామ్‌లో ఇల్లు మారుచున్న ఒక ముసలి దొర తన తొట్టిని విప్పి, పది జీవశిలలను జకరయ్యకు ఊరక యిచ్చెను. వానిని తడి వార్తాపత్రికలలో చుట్టి, ఎస్కీ అను మంచుపెట్టెలో నుంచి, రెండు రైళ్ళు, ఒక బస్సు మారి, దారిపొడవున నీరు కార్చుచు, "ఏమయ్యా, అందులో బీరా?" అని ఆశతో అడిగిన తోటి ప్రయాణికులకు "కాదండి, రాళ్ళు" అని సత్యము పలికి వారి గౌరవమును కోల్పోవుచు, నవంబరు ఒకటవ తేది సాయంకాలమునకు వీరుడు ఇల్లు చేరెను. ఆ ప్రయాణమున రాళ్ళలోని ప్రాణులు సగము చచ్చెను. చచ్చినది కుళ్ళును. కుళ్ళినది అమ్మోనియా యగును. కావున చచ్చినదంతయు తీసి, మిగిలినది కోలుకొనువరకు ఉప్పునీటి తొట్టిలో ఊరవేసి సేవ చేయవలెను. శిలను సిద్ధము చేయుట యనిన నిదియే.

లాండ్రీ గదిలో పెద్ద ప్లాస్టికు తొట్టి వెలిసెను. జకరయ్య టూత్‌బ్రష్షును ఖడ్గమువలె ఝళిపించి, మోకాళ్ళపై కూర్చుండి, ఒక్కొక్క శిలను తోమెను. నల్లని బురద కారెను. తెల్లని జిగురు జారెను. పేరు తెలియని పురుగులు తోకలు తెగి పారెను. మూడు గంటల పోరాటానంతరము పది శిలలును తొట్టిలో మునిగెను. వీరుడు మూతవేసి, మోటారు మీట నొక్కి, మరునాటినుండి సర్వోలో రెండేసి షిఫ్టులకు పోయెను. గది తలుపునకు లోపలివైపున ఆ కాగితము, దాని అడుగున ఆ పదునొకండవ పంక్తి, ఎవ్వరును చదువకుండ వ్రేలాడుచుండెను.

*

నాలుగవనాడు, మంగళవారము, అమృతం ఆంటీకి సెలవు.

అమృతం ఆంటీ యన నెవ్వరు? ఆసుపత్రి వంటశాలలో ముప్పదిమంది రోగులకు మూడు పూటల వండిపెట్టు అన్నపూర్ణ. పెండ్లికి ముందు నరసాపురము చేపల బజారులో తల్లి ప్రక్కన గంప ముందు కూర్చుండి, చేప మొప్ప ఎత్తకయే, గంపకు మూడు బారల దూరమునుండియే, ఇది తెల్లవారుజాము సరుకు, ఇది నిన్నటి సరుకు, ఇది మొన్న మంచులో పండిన సరుకు అని తేల్చిన మహాఘ్రాణి. అట్టి ముక్కు పెర్త్ నగరమున పదునెనిమిది సంవత్సరములుగా నిరుద్యోగియై యుండెను. ఇచ్చట చేపలు ప్లాస్టికు కవచములలో, ముక్కలై, వాసన లేక వచ్చును గదా.

ఆ ముక్కు ఆనాడు ఉదయము తొమ్మిదింటికి ఉలిక్కిపడి లేచెను.

"ఏవండీ! ఇంట్లో ఏదో సచ్చింది!"

లాజరస్ అంకుల్, సిటీ బస్సు నడుపువాడు, చర్చి పెద్ద, లాండ్రీ తలుపు తెరచి, లోనికి చూచి, మరల మూసి, గంభీరముగా పలికెను: "బైబిల్లో బండను కొడితే నీళ్ళొచ్చాయని విన్నాం గానీ అమృతం, బండని నీళ్ళలో పెడితే కంపొచ్చిందని ఎక్కడా వినలేదు."

"మీ పేరుగలాయన సమాధిలో నాలుగ్రోజులున్నా ఇంత కంపు కొట్టుండడు," అని ఆమె ముక్కునకు కొంగు కట్టి మూత తీసెను. చూడగా రాళ్ళు. రాళ్ళనుండి చేపకంపు. ఆమె హృదయము కరగెను. "పాపం పిల్లోడు. సేపలు కొనుక్కుని కడుక్కోవడం రాక, సిగ్గుపడి రాళ్ళ కింద దాసినట్టున్నాడు. సదువుకున్నోళ్ళకి ఈ పనులేం తెలుత్తాయి!"

రాళ్ళ క్రింద చేప లేదు. కాని జిగురు కలదు. జిగురుగల కొర్రమేనునకు గోదావరితీరమున తరతరములుగా ఏమి చేయుదురో అమృతం ఆంటీ అదియే చేసెను. పదింటిలో పెద్దదగు శిలను, దుర్గములలో మహాదుర్గమును, రెండు చేతుల నెత్తి, పెరటి గచ్చుపై కూర్చుండి, గుప్పెడు కల్లుప్పు చల్లి, మూడు చెంచాల పసుపు పూసి, పీచుతో రుద్ది రుద్ది, నిమ్మచెక్క పిండి, కుళాయి క్రింద ఏడు నీళ్ళ కడిగి, ఎండలో బోర్లించెను. రెండవ శిలకొరకు ఆమె లేచునంతలో జకరయ్య వచ్చెను.

అయ్యో! కుళాయి నీటిలోని క్లోరిను, నిమ్మపులుపు, మండుటెండ, మూడును కలిసి కోటానుకోట్ల సూక్ష్మవీరులను ఒక్క ఉదయమున తుడిచిపెట్టెను. శిల మాత్రము పెండ్లికొడుకువలె పచ్చగా మెరయుచుండెను. జకరయ్య సంచి జారవిడిచి, ఆకాశమువంక చూచి, ఎలుగెత్తెను:

"హా శిలారాజమా! రెండు రైళ్ళలో నా తొడపై కూర్చుండి వచ్చితివే! హా అగణిత జీవకోటీ! శత్రువు చేత చావక, స్వజనుల చేత, అందును నలుగు పెట్టించుకొని చచ్చితిరే!"

"ఏంట్రా అట్టా అరుత్తావు? అందరూ కంచెల మీంచి సూత్తన్నారు."

"ఆంటీ! అది చేప కాదండీ!"

"సేప కాకపోతే సేప వాసనెందుకొత్తందిరా?"

"అది రాయండీ! బ్రతికున్న రాయి!"

అమృతం ఆంటీ భర్తవంక చూచెను. భర్త ఆకాశమువంక చూచెను. "ఏవండీ, పిల్లోడికి జొరమేమో సూడండి," అనెను.

పిమ్మట వంటగదిలో కూర్చుండి, అట్టు తినుచు, కన్నీరు తుడుచుకొనుచు, జకరయ్య సర్వమును చెప్పెను: చాముండేశ్వరి, కేశవరావు, లవంగనూనె, ఇరువదియొకటవ తేది. ఫోనులో వారి చిత్రమును చూపెను. ఆంటీ చాలసేపు చూచెను.

"ఇంతింత సేపలకా ఇదంతా?"

"అవునండి."

"ఇగురుకి కూడా రావు గదరా."

"రావండి."

ఆమె ఇంకొక అట్టు వేసి ఆతని పళ్ళెములో నుంచి, మెల్లగా అనెను: "సెప్పాల్సింది రా. సెబితే ముట్టుకుందునా." ఆ స్వరమున కోపము లేదు, అందువలననే జకరయ్యకు మరింత బాధ కలిగెను. పచ్చనిశిల పెరటి తలుపు గాలికి కొట్టుకొనకుండ అడ్డుపెట్టబడెను. తొమ్మిది మిగిలెను.

*

అటుపిమ్మట ముట్టడి సాగెను. మూడు దినముల కొకమారు లాజరస్ అంకుల్, పగలంతయు బస్సు త్రిప్పి వచ్చి, నడుము పట్టుకొనుచునే తన కారును సముద్రతీరమునకు త్రిప్పును. జకరయ్య పంట్లాము మడిచి, కెరటములలో దిగి, క్యానులు నింపును. సగము నీరు పోవును, సగము నీరు వచ్చును. ప్రతిదినము అయిదు మిల్లీలీటర్ల నీటిలో రెండు సీసాల మందు చుక్కలు వేసి, అయిదు నిమిషములు వేచి చూడవలెను. ఆకుపచ్చ యైన ఓటమి. పసుపుపచ్చ యైన విజయము. మొదట నీరు గోంగూరవలె చిక్కని పచ్చ, వారమునకు బీరకాయ, పదిదినములకు కీరదోసకాయ, పదునారవనాటికి లేత కొబ్బరాకు. శత్రువు ఒక్కొక్క కోటను విడిచి వెనుకంజ వేయుచుండెను.

పదునేడవనాడు వాడు ఆగెను. అమ్మోనియా కొలత సున్నకు దిగక పావు వద్ద నిలిచెను. పదునెనిమిది, పావు. పందొమ్మిది, పావు. జకరయ్య తొమ్మిది శిలలను మరల తోమెను, మూడవమారు తోమెను, వాని చేతివేళ్ళ చర్మము ముడుతలు పడి తాతగారి వేళ్ళవలె నుండెను. అయినను పావు. తొట్టిలో అప్పుడప్పుడు టక్, టక్ అని చప్పుడు వినవచ్చుచుండెను. మోటారు పాతదని సరిపెట్టుకొనెను.

ఇరువదవనాడు, గురువారము మధ్యాహ్నము, మరునాడే గడువనగా, వీరుడు లాండ్రీ నేలపై చతికిలబడి, గాజుగొట్టమును వెలుతురునకు పట్టి, లేత కొబ్బరాకు రంగును చూచి, తొట్టికి నమస్కరించి పలికెను:

"ఓ అదృశ్యశత్రూ! నా బలము నీకెరుక, నీ చోటు నాకెరుకలేదు. నీవు ఏ గుహలో దాగియుంటివి? బయటికి రమ్ము! ధర్మయుద్ధము చేయుము! రావా? అట్లైన, చాముండేశ్వరీ, కేశవరావూ, నన్ను మన్నింపుడు. మీరు నమ్మి నా చేతిలో మేత తింటిరి. ఆ చేతికి చదువు వచ్చినది గాని చేవ రాలేదు."

"ఎవరితోరా మాట్లాడతన్నావు?" బట్టల బుట్టతో అమృతం ఆంటీ గుమ్మములో నిలిచియుండెను. వీరుడు కన్నులు తుడుచుకొని పావు సంగతి చెప్పెను. ఆమె బుట్ట దించి, ఒక్కమారు గాలి పీల్చెను.

"ఇంకా ఒకటి సచ్చే ఉందిరా లోపల."

"అన్నీ మూడుసార్లు తోమానండి ఆంటీ."

"తోమితే తెలీదు. వాసన సూత్తే తెలుత్తది. ఒక్కోటీ తీసి నా సేతికియ్యి." ఆమె కొంచెమాగి, "ఉప్పూ పసుపూ ముట్టుకోన్లే, బయపడకు," అనెను.

అంతట పదునెనిమిది సంవత్సరముల నిరుద్యోగానంతరము ఆ నాసిక కొలువునకు ఎక్కెను. ఆమె స్టూలుపై నిటారుగా కూర్చుండి, కొంగు నడుమున దోపి, కన్నులు మూసికొని, శిలనందుకొని, త్రిప్పి, ఒక్క శ్వాసతో తీర్పు చెప్పెను. మొదటిది: "తెల్లారుజాం సరుకు. బంగారం. పెట్టు." రెండవది: "ఇదీ మంచిదే." మూడవది: "కొంచెం నీసు. పర్లేదు, బతికే ఉంది." నాలుగు, అయిదు, ఆరు దాటెను. ఏడవ శిల చేతికి రాగానే, ముక్కునకు ఇంకను జానెడు దూరముండగనే, ఆమె కన్నులు తెరచుకొనెను.

"ఇదిగో దొంగ! మూడ్రోజుల సరుకు! ఎవడో ఐసు పెట్టి అమ్మేద్దారనుకున్నాడు!"

శిల అడుగున, ఎవ్వరి బ్రష్షును చొరని వంకర సొరంగ మొకటి కలదు. జకరయ్య ఫోను దీపము వేసి చూచెను. చీకటిలోనుండి, కాడలపై నిలిచిన రెండు కన్నులు ఆతనిని తిరిగి చూచెను. బ్రష్షు పిడిని లోనికి జొనిపినంతనే టక్! పిడి రెండు తునుకలయ్యెను. ఇరువది దినములుగా మోటారనుకొన్న చప్పుడు అదియే. మాంటిస్ ష్రింపు! రొయ్యకు పెద్దన్న, పీతకు పగవాడు, ముంజేతులను గొల్లభామవలె మడుచుకొని, విప్పెనా గుల్లను పగులగొట్టు ముష్టియోధుడు. రాళ్ళ వెంట వచ్చిన నత్తలను, పీతలను వేటాడి, సగము తిని, సగము తన గుహలో నిలువచేసి, అమ్మోనియాసురునకు నిత్యము అన్నసంతర్పణ చేయుచున్న సేనాపతి వాడే.

"దీన్ని సోడాతో తరమాలండి," అనెను జకరయ్య, చదివినదానిని జ్ఞప్తికి తెచ్చుకొని. "గ్యాసు నీళ్ళు తగిలితే ఉండలేక బయటికొచ్చేస్తుంది."

ఇంటిలో సోడా ఒక్కటే కలదు. అది హాలులో, సోఫాపై, అప్పుడే డ్యూటీ దిగి మూతపై చేయివేసి కూర్చుండిన లాజరస్ అంకుల్ చేతిలో కలదు.

"అంకుల్, ఆ సోడా కావాలండి."

"ఏం, అరగలేదా?"

"నాక్కాదండి, రాయికి."

"రాయికి అరగలేదా?"

"ఏవండీ, తరవాత నవ్వుకుందురు, ముందు సీసా తెండి!" అని లాండ్రీనుండి కేక వినవచ్చెను.

అంకుల్ సీసావంక చూచెను. డాక్టరు దినమునకు ఒక్కటే త్రాగుమనెను. దానికొరకే మధ్యాహ్నమంతయు ట్రాఫిక్కును సహించెను. అట్టిదానిని ఆయన మారుమాటాడక తెచ్చియిచ్చి, ఏ పనియు ప్రార్థన లేక మొదలుపెట్టని అలవాటున, కన్నులు మూసి, "ప్రభువా, ఈ సోడా..." అని ఆరంభించెను.

"ఆమెన్ పోసింతరవాత అందాం," అని ఆంటీ మూత త్రిప్పెను.

ఖాళీ బకెట్టుపై శిలను తలక్రిందుగా పట్టుకొన్నవాడు జకరయ్య. సొరంగములోనికి బుసబుస సోడాధార వదిలినది అమృతం. ఒక్క కన్ను తెరచి చూచుచు ప్రార్థన సాగించినవాడు లాజరస్. నురుగు పొంగెను. గుహ గర్జించెను, సరే, బుడగలు చిటపటలాడెను. అంతలో పచ్చని కవచము, ఎఱ్ఱని అంచులు, తోక విసనకఱ్ఱవలె విప్పారగా, వ్రేలెడు పొడవుగల ఆ ముష్టియోధుడు ఎగిరి, జకరయ్య బొటనవ్రేలిపై ఒక్కటి గట్టిగా గ్రుద్ది, బకెట్టులో పడెను.

"అమ్మా!" అని వీరుడు అఱచెను, కాని శిలను విడువలేదు. ఇది లోకము గమనింపవలెను.

"ఆమెన్," అనెను అంకుల్.

ఆంటీ జడలోని పిన్ను తీసి, సొరంగములోనికి పంపి, వంచి, లాగెను. సగము పీత వచ్చెను. నాలుగు నత్తలు వచ్చెను. పేరులేని నల్లని ముద్ద యొకటి వచ్చెను. అది వచ్చినప్పుడు ముగ్గురును ఒక్కమారుగా ముఖము త్రిప్పుకొనిరి. ఆ సాయంకాలమే సముద్రమునకు పోయి నీరు తెచ్చి సగము మార్చిరి. ముష్టియోధుని ఉప్పునీటితో కడిగి నింపిన ఆవకాయ సీసాలో బంధించిరి.

*

శుక్రవారము, నాలుగు గంటల నలువది నిమిషములు. ప్రయోగశాల బల్లపై నీటి సీసా, ప్రక్కన ఆవకాయ సీసా. బల్లకు ఇవతల జకరయ్య, అతని వెనుక లాజరస్ అంకుల్, ఆయన ప్రక్కన చర్చికి కట్టుకొను చీర కట్టుకొని అమృతం ఆంటీ. ఈ దేశమునకు వచ్చిన పదునెనిమిదేండ్లలో ఆమె యూనివర్సిటీ లోపలికి రావడము ఇదే మొదలు. చెప్పులు గుమ్మము బయట విడువబోగా జకరయ్య ఆపెను. మూల నున్న గాజుతొట్టిలో చాముండేశ్వరి కేశవరావును తరుముచుండెను. వారికి ఏమియు తెలియదు.

వీణ చుక్కలు లెక్కపెట్టి వేసెను. గొట్టము నూపెను. "ఫైవ్ మినిట్స్," అని గడియారమువంక చూచెను.

ఓ అయిదు నిమిషములారా! మీరు అయిదు యుగములు! మొదటి నిమిషమున నీరు నీరువలె నుండెను. రెండవ నిమిషమున ఏదో రంగు తొంగిచూచెను. మూడవ నిమిషమున జకరయ్య కన్నులు మూసికొనెను. నాలుగవ నిమిషమున అంకుల్ చేయి జకరయ్య భుజముపై పడెను. అయిదవ నిమిషమున వీణ గొట్టమును తెల్లకాగితముపై నుంచి, దీపముక్రింద చూచి, మరల చూచి, పలికెను:

"యెల్లో. క్లీన్ యెల్లో. జీరో రా తమ్మీ!"

నియమపాలనవజ్రకఠిన ముఖమున నవ్వు విరియుట ఆ భవనమున అదే ప్రథమమని పెద్దలందురు.

అమృతం ఆంటీ వంగి గొట్టమును చూచి, పెదవి విరచెను. "పసుపా! దీనికా ఇరవై రోజులు? నేను నాలుగోరోజునే తెప్పించాను గదరా!" అందరును ఎంత నవ్విరనగా, ప్రక్కగదిలోని పరిశోధకులు తలుపు తెరచి చూచిరి.

ఆవకాయ సీసాను చూచి వీణ కన్నులు మెరసెను. "దీన్ని నాకియ్యి. ఫస్టియర్ పిల్లలకు చూపిస్త." ఆ విధముగా శత్రుసేనాపతికి కూడ యూనివర్సిటీలో సీటు వచ్చెను.

తరువాత ఫారము. అందులో 'వాడిన పరికరములు' అను గడి యొకటి కలదు. చిన్ననాటినుండి ఏ గడిని ఖాళీగా విడువని జకరయ్య పొందికగా నింపెను: హీటరు, మోటారు, పరీక్షమందు, టూత్‌బ్రష్షు (విరిగినది), సోడా ఒకటి, జడపిన్ను ఒకటి, అమృతం ఆంటీ ముక్కు.

వీణ చదివి కలము పట్టెను. "ముక్కు ఎట్ల రాస్తవ్ తమ్మీ? పరికరమంటే మోడల్ నంబరుండాలె, కాలిబ్రేషన్ సర్టిఫికెట్టుండాలె. నాకు తెల్సు, నువ్వు నిజమే రాసినవ్. గని ఆఫీసోళ్లు ఫారం వాపస్ పంపుతరు." అని, కొంచెము తటపటాయించి, ఆ మూడు మాటలను ఒక గీతతో కొట్టివేసి, సంతకము చేసెను. గడియారము నాలుగు యాబది యెనిమిది చూపుచుండెను.

ఆ సాయంకాలము, లాండ్రీ గదిలో, నీటితో నిండిన సంచినుండి ముందు చాముండేశ్వరి, వెనుక కేశవరావు, తొట్టిలోనికి జారిరి. ఆమె తొమ్మిది శిలలను ఒక్కొక్కటిగా చుట్టివచ్చి, ఏడవదానిని, ఆ సొరంగము గలదానిని, తనదిగా నిశ్చయించుకొని, వెంటనే కేశవరావును బయటికి తరిమెను. కాపురము కుదిరెను. జయము! జయము! బొటనవ్రేలంత చేపలు రెండు బ్రతికెను! అయిదు మిల్లీలీటర్ల నీరు పసుపుపచ్చనాయెను! దిక్కులు మారుమ్రోగునట్లు పచ్చిక కోయు యంత్రములు మ్రోగెను!

అమృతం ఆంటీ తొట్టి అంచును పట్టుకొని వంగి, కన్నులు మూసికొని, గాలి పీల్చెను. ఈసారి తీర్పు రావడమునకు చాలసేపు పట్టెను.

"కంపు లేదురా. సముద్రం వాసనొత్తంది. తెల్లారి పడవలొచ్చే ఏళకి రేవులో ఒచ్చే వాసన." కన్నులు తెరచి, "మా అమ్మ గంప దించేటప్పుడు ఇట్టాగే ఉండేది," అనెను, అని, బట్టల బుట్ట ఎత్తుకొని వెళ్ళిపోయెను. ఆనాటినుండి బట్టలు లేని దినమున కూడ ఆమె లాండ్రీలోనికి వచ్చి ఒక నిమిషము నిలుచుట ఆ ఇంట అలవాటాయెను.

జకరయ్య డిగ్రీ పట్టా పుచ్చుకొనెను. వాని పేరు దానిపై అచ్చయినది. వీణ పేరు ఫారముపై సంతకమైనది. లాజరస్ అంకుల్‌నకు మరునాడు ఇంకొక సోడా దొరికినది. ఒక్క పేరు మాత్రము గీత క్రింద ఉండిపోయినది. కావున ఈ కథ విన్న అయ్యలారా, అమ్మలారా, ఆఫీసువారి గడిలో పట్టని పేరును మీ గుండెలో పట్టించుకొనుడు. ఎన్నడైన మీరు సముద్రపుటొడ్డున నిలిచి తొలిగాలిని పీల్చినప్పుడు, నరసాపురము చేపల బజారు ఆడపడుచును, హారిస్‌డేల్ ఇల్లాలిని, అమృతమ్మను, ఒక్కమారు తలచుకొనుడు.